అండపొయ్యి చెప్పిన సాక్ష్యం

తామ్రకూట నగరానికి కోటగోడలు ఎర్రరాతివి. పొద్దు పొడిచేవేళ ఆ గోడలూ, వాటి బురుజులూ, బురుజుల నెత్తిన రాగి కలశాలూ ఒకదాని వెంట ఒకటి వెలుగందుకుంటుంటే నగరం మొత్తం కంసాలి కుంపటిలోంచి అప్పుడే తీసిన కడియంలా కనిపిస్తుంది. ఆ శోభను చూడడానికే దూరదేశాల వర్తకులు ఏటి అవతలి గట్టున బండ్లు ఆపుకుంటారు. కాని ఆనాటి ఉదయం అటువైపు తలెత్తినవారు లేరు. నగరమంతా రాజప్రాంగణానికి తరలింది. అక్కడ నల్లరాతి వేదిక మీద మనిషి ఎత్తున ఒక మట్టిగుడ్డు నిలబడి ఉంది. దానికి పది అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టి, తిప్పాంబ అనే ముసలి కుమ్మరి స్త్రీని కూర్చోబెట్టారు. సూర్యుడు అస్తమించేలోగా ఆ మట్టిగుడ్డు తన మంచితనాన్ని తానే రుజువు చేసుకోకపోతే ఆమెను అందులోనే పెట్టి మూత వేయాలని రాజాజ్ఞ.

ఆ గుడ్డును అండపొయ్యి అంటారు. తామ్రకూటాధిపతి కంపరాజు పొరుగుదేశపు రాయబారులకు విందు చేయదలచి తిప్పాంబ చేత పనిగట్టుకుని చేయించాడు. గోడలు బెత్తెడు మందం. అడుగున బొగ్గు పోసే పొట్ట, పొట్టపైన గుమ్మటం వంటి మూత, రెంటి మధ్య గాలి చొరకుండా కంబళి పట్టీ. పొట్ట కింద జానెడు వెడల్పున ఒక నోరు, దాన్ని మూయడానికి పక్కకు జరిగే పలక. మూత నడినెత్తిన ఒక కన్ను, దాన్ని మూయడానికి గుండ్రంగా తిరిగే బిళ్ల. చూడడానికి ఇంతే. ఈ రెండు రంధ్రాలలోనే దాని సర్వస్వమూ ఉన్నదని ఆ నగరవాసుల్లో తిప్పాంబకు తప్ప మరొకరికి తెలియదు.

విందునాడు జరిగినది చెప్పాలి. వంటశాల పెద్ద బొల్లన ముప్పై ఏళ్లుగా కట్టెలపొయ్యి మీద వండినవాడు. మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగడం, కుండ పొంగితే మూత తీయడం అతని చేతులకు పట్టిన అలవాటు. అండపొయ్యి మరీ వేడెక్కుతున్నదని తోచగానే, చల్లబడుతుందని మూత తెరిచాడు. లోపలి నుంచి మంట లేచింది. బెదిరి మూశాడు, కాసేపాగి మళ్లీ తెరిచాడు. ఈసారి అది గోపురమంత ఎత్తు లేచింది. పైన బొగ్గయి లోపల నెత్తురు కారుతున్న మాంసం రాయబారుల ముందుకు వెళ్లింది. వారు విస్తళ్ల ముందునుంచి లేచి గుర్రాలెక్కారు. ఆ సాయంత్రమే రాజగురువు ధూమకంఠుడు పొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇందులో అగ్నిపిశాచి ఉన్నది, శ్మశానపు బూడిద కలిపి ఈ కుమ్మరిది దాన్ని నిలిపింది అని తేల్చాడు. ఆ పిశాచిని కళ్లారా చూసినవారు నగరంలో ఒక్కరూ లేరు. చూసినవారిని ఎరుగుదుమన్నవారు మాత్రం వీధికి పదిమంది తేలారు. బొల్లన తన చేతులు చేసిన పని చెప్పుకోలేక గుడ్లప్పగించి ఊరుకున్నాడు.

అయితే తామ్రకూటంలో ఒక పాత ఆచారం ఉన్నది. చేసినవాడి మీద నేరం పడినప్పుడు, చేసిన వస్తువు సాక్ష్యం చెప్పవచ్చు. వస్తుసాక్ష్యం అంటారు దాన్ని. వడ్రంగి మీద నేరం వస్తే అతని బండి సాక్షి, నేతగాడి మీద వస్తే అతని బట్ట. పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకే వరకు ఆ వస్తువు తన పని తాను సక్రమంగా చేస్తే చేసినవారు నిర్దోషులు. ఆ పగలంతా చేసినవారు దాన్ని తాకరాదు, పెదవి కదపరాదు. వేరొకరెవరైనా ముందుకు వచ్చి దానిచేత పని చేయించాలి. రావడానికి చాలామంది సాహసించరు. సాక్ష్యం తప్పితే వారికీ అదే శిక్ష.

"ఈ పొయ్యి పక్షాన నిలిచేవారెవరు?" అని దండనాయకుడు మూడుసార్లు అడిగాడు. మూడోసారికి ముందువరుసలోంచి ఒక యువకుడు నెత్తిమీది బొగ్గుతట్ట దించి వేదిక ఎక్కాడు.

సంతలో అతణ్ణి మాచడంటారు. ముఖమంతా మసి, నడుముకు గోనెపట్టా. నిజానికి అతడు శరభగిరి యువరాజు నీలకేతుడు. ఆరు నెలల కిందట ధూమకంఠుడే శరభగిరిని మాయోపాయంతో కాజేసి, తన శిష్యుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, యువరాజు ఎక్కడ కనిపించినా పట్టి అప్పగించాలని చుట్టుపక్కల రాజులందరిచేత ఒడంబడిక రాయించుకున్నాడు. వేటకుక్కలు తరుముకొస్తున్న రోజున నీలకేతుడు కుమ్మరిగూడెంలో పడ్డాడు. తిప్పాంబ అతడెవరని అడగలేదు. ఆరబెట్టిన అండపొయ్యి ఒకదానిలో కూర్చోబెట్టి మూత వేసింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు. కింది నోట్లోంచి జొన్నరొట్టె, పై కన్నులోంచి ఆమె మాట. ఆ మాటల్లో ఓదార్పు తక్కువ, పొయ్యిల సంగతులు ఎక్కువ. ఆమెకు వేరే కబుర్లు రావు. ఆ చీకట్లో ఆ గొంతు వినబడుతూ ఉన్నందుకే తనకు మతి నిలిచిందని నీలకేతుడు తరువాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఇవాళ ధూమకంఠుడి ఎదుట నిలబడడమంటే పులి నోట్లో తల పెట్టడమే. ఆ సంగతి ఆలోచించడానికి అతడు ఆగలేదు.

ధూమకంఠుడు పులితోలు మీద నుంచే అతణ్ణి ఎగాదిగా చూశాడు. "బొగ్గులమ్ముకునేవాడివి, వంట నీకెందుకురా?"

"బొగ్గు నాది స్వామీ. అదెలా కాలుతుందో నేనే చూసుకోవాలి గదా."

జనం నవ్వారు. తిప్పాంబ మాత్రం అతణ్ణి ఒక్కసారి చూసి, ఎరుగనట్టుగా కళ్లు దించుకుంది.

దండనాయకుడు నియమం చదివాడు. ఒక దుప్పి తొడ ఇస్తారు. సూర్యాస్తమయానికి ఎముక రెండు వేళ్లతో లాగితే ఊడిరావాలి, పైన నువ్వుగింజంత మాడు ఉండరాదు. నీలకేతుడు సరేనన్నాడు. పెద్ద బొగ్గులు అడుగున, చిన్నవి పైన పేర్చి, అంతటా కాక నడుమ ఒక్కచోటనే నిప్పు పెట్టాడు. నిప్పు మీద మట్టి అడ్డుపలక, దానిమీద ఇనుప జల్లెడ, జల్లెడ మీద మాంసం. మూత దించి, నోరూ కన్నూ రెండూ బార్లా తెరిచి ఉంచాడు. పై కంటి అంచున ఒక మట్టిచిప్ప పెట్టి అందులో నాలుగు జొన్నగింజలు వేశాడు. పక్కనే ఒక పిడతలో నీళ్లు పెట్టుకున్నాడు. ఇదేం తంత్రమని రాజు అడిగితే, తంత్రం కాదు ప్రభూ, కొలత అన్నాడు. చిప్పలో చుక్క నీళ్లు వేస్తే చుయ్యిమని ఇగిరిపోవాలి. జొన్న మాత్రం పేలకూడదు. ఈ రెంటి నడుమ ఉన్నంతసేపూ లోపలి వేడి మన మాట వింటున్నట్టే.

మొదటి జాములో సగం గడిచింది. నీటిచుక్క చిప్పలో పడి ఊరికే కూర్చుంది. తిత్తులు తెచ్చి ఊదమని జనం కేకలు వేశారు. పిశాచి నిద్రపోతున్నదనీ, లేచాక మింగుతుందనీ ధూమకంఠుడి శిష్యులు ప్రచారం చేశారు. నీలకేతుడు కదలలేదు. మరి రెండు గడియలకు చుక్క అంచుల్లో బుడగలు పుట్టాయి. అతడు లేచి కింది పలకను సగానికి పైగా మూశాడు.

బొల్లన ఆగలేక దగ్గరికి వచ్చాడు. "ఇంకా కాగనే లేదు గదా, అప్పుడే మూస్తావేం?"

"మట్టి ఇప్పుడే వేడి తాగడం మొదలుపెట్టింది మామా. కడుపునిండా తాగాక వద్దంటే ఊరుకోదు. ఎక్కిన వేడిని దించడానికి పూట పడుతుంది. ఎక్కుతుండగానే ఆపుకోవాలి."

అన్నట్టుగానే నోరు మూసినా వేడి ఇంకా పెరుగుతూనే వచ్చింది. చుక్క చుయ్యిమన్నది. అప్పుడతడు నోటిని సన్నని గీత మిగిలేలా మూసి, పై బిళ్లను నెలవంకంత తెరిచి ఉంచి, చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఏదైనా ఒకటి మారిస్తే ఒక గడియ పాటు మరొకటి ముట్టేవాడు కాదు. నీటిగడియారంలో గిన్నె మునిగినప్పుడల్లా ఒక చుక్క వేసి చూసేవాడు. చుక్క ఇగిరేది. గింజలు కదలకుండా పడి ఉండేవి. చూసేవారికి ఇంతకన్న విసుగుపుట్టే విచిత్రం మరొకటి లేదు. మధ్యాహ్నానికి జనంలో సగంమంది నీడకు చేరారు.

కంపరాజుకు ఓపిక చాలలేదు. మూత ఒక్కసారి తెరిచి చూపమని ఆజ్ఞాపించాడు. నీలకేతుడు మోకరిల్లి, తెరిస్తే గాలి చొరబడుతుంది, గాలే నిప్పుకు తిండి, రెప్పపాటు చూసినందుకు ఒక జాము శ్రమ పోతుంది, ఒక ప్రాణం కూడా పోతుంది అని విన్నవించుకున్నాడు. రాజు ఆ ముసలిదాని వంకా, పొయ్యి వంకా చూశాడు. తొందరపడి ఒక విందు పోగొట్టుకున్నాను, చాలు అని తనలో తాననుకుంటున్నట్టు పలికి వెనక్కి కూర్చున్నాడు.

ఆ తరువాతనే అసలు ఆపద వచ్చింది. ధూమకంఠుడు దిగ్బంధం చేయిస్తానని శిష్యులను పంపాడు. ఎర్రబట్టలు, చేతుల్లో త్రిశూలాలు, వారు మంత్రాలు చదువుతూ పొయ్యి చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. గడియ తిరక్కముందే చిప్పలో టప్పుమన్నది. ఒక జొన్నగింజ తెల్లగా విచ్చుకుని రాతి మీద పడింది. వేల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. తిప్పాంబ చేతులకు కట్టిన తాడు బిగుసుకుంది.

నీలకేతుడు కింది నోరు చూశాడు. గీత గీతలాగే ఉంది. పై కన్ను నెలవంకలాగే ఉంది. ఉన్న నిప్పు ఉన్నంతే ఉండగా వేడి పెరిగిందంటే, తాను ఇవ్వని గాలి దానికి మరోచోటి నుంచి అందుతున్నదన్నమాట. ఇందులో పిశాచికి చోటు లేదు. ప్రాంగణపు గోడవారన ఉన్న జిల్లేడు కాయ ఒకటి తెప్పించి దూది తీసి, వేళ్ల మధ్య పట్టుకుని మూత అంచు వెంబడి మెల్లగా నడిచాడు. మూడు వైపులా దూది నిలకడగా ఉంది. నాలుగోవైపు, శిష్యులు ఎక్కువసేపు ఆగి మంత్రం చదివినచోట, అది చటుక్కున లోపలికి పీల్చుకుపోయింది. అక్కడ కంబళి పట్టీ జానెడు మేర త్రిశూలపు మొనతో పెరికివేసి ఉంది.

రెండో గింజ పేలింది.

ఒక శిష్యుడు బిందెడు మంత్రజలం ఎత్తి పొయ్యి మీద పోయబోయాడు. కాగిన మట్టి మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో బొల్లనకు తెలుసు. అతడు ఆ బిందెను లాగి పక్కన పడేసి, వంటశాలకు పరుగెత్తి, గారెల కోసం రుబ్బించిన గట్టి మినప్పిండి గంపంత ముద్ద తెచ్చాడు. ఇద్దరూ కలిసి చిరుగు పొడవునా అదిమారు. అదుముతూ అదుముతూనే బొల్లన తల తిప్పి, రాజుకు కూడా వినబడేటట్టు అన్నాడు.

"అవ్వా, ఆనాడు మూత తెరిచింది నేనే. రెండుసార్లు తెరిచాను. నీ పొయ్యిలో ఏ దోషమూ లేదు."

తిప్పాంబ పెదవి కదపకూడదు. గడ్డం ఎత్తి, పిండి పలచగా పడిన చోటు చూపించింది. గడ్డం సంగతి ఆచారంలో ఎక్కడా రాసి లేదు. బొల్లన అక్కడ మరో ముద్ద వేశాడు.

ఆ వేడి దిగడానికి నాలుగు గడియలు పట్టింది. ఆ నాలుగు గడియలూ నీలకేతుడు రెండు రంధ్రాలనూ దాదాపు మూసి, పూర్తిగా మూయక, నిప్పు ఆరిపోకుండా బలం పుంజుకోకుండా దారం మీద నడిచినట్టు నడిపాడు. మూడో గింజ పేలలేదు. పడమర ఎర్రబారుతుండగా నీటిచుక్క మళ్లీ పొద్దుటిలాగే నెమ్మదిగా చుయ్యిమన్నది.

సూర్యబింబం బురుజు వెనక్కి జారగానే కొమ్ము ఊదారు. నీలకేతుడు మూతను వేలెడెత్తు లేపి, కాస్త ఆగి, దించాడు. మళ్లీ లేపి, మళ్లీ దించాడు. పస్తున్న నిప్పుకు ఒక్కసారిగా గాలి తగిలితే ఎదురొస్తుందనీ, అలవాటు చేసి తెరవాలనీ పక్కనున్న బొల్లనకు చెప్పాడు. మూడోసారి పూర్తిగా ఎత్తాడు. మంట రాలేదు. సువాసన వచ్చింది. తేనెరంగు తిరిగిన తొడ మీద ఒక్క మచ్చ లేదు. కంపరాజు తానే వచ్చి రెండు వేళ్లతో ఎముక పట్టుకున్నాడు. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు వచ్చింది.

సాక్ష్యం నెగ్గిందని దండనాయకుడు ప్రకటించాడు. తిప్పాంబ కట్లు విప్పారు. ఆమె లేచి మొదట పొయ్యి దగ్గరికే వెళ్లి, ఇంకా వెచ్చగా ఉన్న దాని పొట్ట మీద చెయ్యి వేసి నిలబడింది.

అప్పుడు ధూమకంఠుడు చేతులెత్తాడు. తన మంత్రబలం చేతనే పిశాచి ఈ పూటకు అణిగిందనీ, ఈ బొగ్గులవాడు నిమిత్తమాత్రుడనీ, రేపు మళ్లీ విజృంభించకుండా ఉండాలంటే ఈ కుమ్మరిదాన్ని జీవితాంతం తన ఆశ్రమంలో బంధించి ఉంచాలనీ గంభీరంగా పలికాడు. ఉదయం నవ్విన జనమే చేతులు జోడించారు. రాజు ముఖంలో సందేహం కదిలింది. భటులు ఆమె వైపు ఒక అడుగు వేశారు.

నీలకేతుడు తలవంచుకుని సంతకు వెళ్లిపోయి ఉంటే ఎవరూ ఆపేవారు కారు. అతడు నీళ్ల పిడత ఎత్తి ముఖం మీద కుమ్మరించుకున్నాడు.

"ప్రభూ, పొద్దుటినుంచి నాకు ఏ మంత్రమూ తోడు రాలేదు. నేను చేసినదంతా ఈ అవ్వ చెప్పినది. గాలి ఇస్తే ఎక్కుతుంది, ఆపితే దిగుతుంది. ఇందులో దయ్యమూ లేదు, నా గొప్పా లేదు. నమ్మకం లేకపోతే రేపు బొల్లన చేత చేయించండి, ఎల్లుండి మీరే చేయండి. ఎవరు చేసినా ఇలాగే వస్తుంది."

"ఆమె నీకు ఎక్కడ చెప్పింది?" అని ధూమకంఠుడు మెత్తగా అడిగాడు.

"ఇలాంటి పొయ్యిలోనే, నీ కుక్కల నుంచి నన్ను దాచిపెట్టినప్పుడు. నా పేరు నీలకేతుడు. ఈమె వల్ల బతికి ఉన్నాను. ఆ మాట చెప్పకుండా ఇంకొకరికి దక్కనిస్తే నేను బతికీ ఒకటే, చచ్చీ ఒకటే."

మసి కారిపోయిన ఆ ముఖాన్ని మాంత్రికుడు గుర్తుపట్టాడు. వెంటనే ఒడంబడిక గుర్తుచేసి, కోట తలుపులు మూయించి యువరాజును అప్పగించమని కంపరాజును అడిగాడు. సంతకం రాజుదే. కాదనడానికి వీలులేదు. కంపరాజు దండనాయకుణ్ణి పిలిచాడు. పిలిచి, ముందు కాసిని మంచినీళ్లు తెమ్మన్నాడు. నీళ్లు తాగడానికి ఆయనకు అంతసేపు పట్టడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఒక గుక్క తాగి ఆగాడు. మరో గుక్క తాగి, గిన్నె మీది నగిషీ పనిని తిప్పి తిప్పి చూశాడు. అప్పటికి నీలకేతుడూ తిప్పాంబా వేదిక వెనుక మెట్లు దిగిపోయారు.

ధూమకంఠుడి మనుషులు రాజాజ్ఞ కోసం ఆగలేదు. వారు ఆ మెట్ల మీదికి దూకిన క్షణంలోనే వంటశాల ద్వారంలోంచి కాగు నిండా గంజి జారి వారి కాళ్ల కింద పరుచుకుంది. పదిమంది ఒకరి మీద ఒకరు దొర్లారు. కాగు వెనుక నిలబడి బొల్లన, ముసలితనం, చెయ్యి వణికింది అని అందరికీ క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

ఏటి వైపు దిడ్డితలుపు ఇంకా మూయలేదు. దాని వెలుపల గట్టున కుమ్మరులు సరుకు దాటించే తెప్ప ఉంది. బోర్లించిన పన్నెండు కుండలు, వాటిపై వెదురు తడక, అంతే. తిప్పాంబ ముందు ఎక్కి అతణ్ణి చెయ్యి పట్టి లాగింది. తెప్ప నడియేటికి చేరేసరికి గోడ మీది నుంచి బాణాలు మొదలయ్యాయి. ఒకటి తడకలో దిగింది. ఒకటి ఎడమమూల కుండను పగలగొట్టింది. తెప్ప ఒరిగింది. ఆమె ముక్కలను కాలితో నీళ్లలోకి తోసి, బరువు కుడివైపు మార్చుకుని కూర్చోమంది. గట్టున డప్పులు, కాగడాలు, నీటిలోకి దిగుతున్న గుర్రాలు. దిగువన ఎక్కడో ఏరు రాళ్ల మీది నుంచి కిందికి దూకుతున్న హోరు.

నీలకేతుడు ఆమెకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఆర్నెల్లుగా గొంతులో ఉన్న మాట చెప్పడానికి రెండు చేతులూ జోడించాడు.

"తెలుసులే నాయనా," అంది తిప్పాంబ. "ఆ దండమేదో గట్టుకు చేరాక పెడుదువుగాని. ఇప్పుడు ఆ చేతులు నీళ్లలో పెట్టి తొయ్యి."

అతడు చేతులు విడదీసి నీళ్లలో ముంచాడు. వెనుక మరో కుండ పగిలింది.